డోర్నకల్ అజరయ్య – దైవశాస్త్ర విద్యార్థుల క్షేత్రాభ్యాసం, దాని పోషణ

ఆంధ్రదేశంలో వేదశాస్త్రాలు చదివే విద్యార్థికి ఊరే అన్నం పెట్టిన సంప్రదాయం చిరకాలం సాగింది. మధూకరమెత్తి కొందరు, వారాలు చేసుకొని కొందరు విద్య ముగించారు. జమీందారుల వార్షికాలు పండితులకు అందేవి. అన్నం పెట్టిన ఇల్లాలి కళ్ళెదుటే విద్యార్థి పెరగడం, అతని నడవడి ఊరివారికి తెలిసి ఉండడం ఈ పద్ధతిలోని సారం. పందొమ్మిదవ శతాబ్దిలో తెలుగునాట వెలసిన క్రైస్తవ దైవశాస్త్ర విద్యకు ఈ బంధం కొరవడింది. పోషణ లండన్, బోస్టన్ వంటి దూరనగరాల్లోని సంఘాలనుండి వచ్చేది. ఉపదేశకుడు తాను సేవించే పల్లెకు గాక జీతమిచ్చే మిషనరీకి జవాబుదారి అయ్యేవాడు. ఈ స్థితిని మార్చబూనినవారిలో అగ్రగణ్యుడు డోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆయన తెలుగువాడు కాకపోవడం ఈ చరిత్రలోని విశేషం.

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి మండలంలోని వెళ్ళాలన్‌విళై అనే పల్లెలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం గ్రామ గురువు. తాటివనాల నడుమ బ్రతికే శ్రమజీవుల సంఘాలే ఆ కుటుంబానికి లోకం. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివినా అజరయ్యకు పట్టం దక్కలేదు. తుదిపరీక్ష సమయంలో అస్వస్థత అడ్డు వచ్చింది. తరువాతి కాలంలో వందలాది ఉపదేశకుల విద్యను తీర్చవలసివచ్చిన వ్యక్తి పట్టభద్రుడు కాకపోవడం నష్టమే అయిందని చెప్పలేము. విద్యను ఆయన పట్టాతో కొలిచినవారు కారు.

1895 నుండి 1909 వరకు ఆయన వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణదేశమంతా తిరిగారు. 1898లో అంబు మరియమ్మాళ్‌ను వివాహమాడారు. 1902లో జరిగిన యాళ్పాణం యాత్ర ఆయన ఆలోచనకు మలుపు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొమ్ముతో తామే ప్రచారకులను పంపుతుండడం చూసి, తిరునెల్వేలి సంఘాలకు అటువంటి ప్రయత్నం లేకపోవడం ఆయనకు లోపంగా తోచింది. 1903 ఫిబ్రవరిలో పాలయంకోటలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. 1905 డిసెంబరు 25న శ్రీరాంపురంలో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపితమైంది. మనుష్యులు, ధనం, నిర్వహణ మూడూ భారతీయమే కావాలన్నది వీటి నియమం. స్వదేశీ ఉద్యమం బెంగాలులో రగిలిన ఏడాదే రెండవ సంస్థ పుట్టడం కాకతాళీయమనుకోవడానికి వీలులేదు.

తిరునెల్వేలి సంఘం తన కార్యక్షేత్రంగా నైజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతాన్ని ఎన్నుకొంది. సింగరేణి బొగ్గుగనులకు చీలే రైలుదారి కూడలి అది. చుట్టూ అడవులు, జొన్నచేలు, మాల మాదిగ పల్లెలు. ఇతరులను పంపుతూ తాను నగరంలో ఉండడం సరికాదని భావించి, 1909లో గురుత్వదీక్ష పొంది అజరయ్య స్వయంగా అక్కడికి చేరారు. అప్పటికి ఆయనకు ముప్పైయైదేళ్ళు. తెలుగు అక్షరాలు దిద్దడం నుంచి ప్రారంభించవలసి వచ్చింది. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగం సభను కలవరపరిచింది. పాశ్చాత్య మిషనరీలు త్యాగమూ ధనమూ ఇస్తున్నారు గాని సమానస్నేహం ఇవ్వడం లేదన్నది దాని తాత్పర్యం. మూడేళ్ళు తిరగకుండానే, 1912 డిసెంబరు 29న, కలకత్తా సెయింట్ పాల్ కథీడ్రల్‌లో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి నధిష్ఠించిన తొలి భారతీయుడు ఆయనే. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుదల ఇందుకు తోడ్పడింది.

తొలుత చిన్నదైన డోర్నకల్ అధ్యక్షమండలం 1920ల తొలినాళ్ళలో విస్తరించింది. కృష్ణా మండలంలోని చర్చి మిషనరీ సొసైటీ సంఘాలు అందులో కలిశాయి. వాటికి అప్పటికే ఎనబై ఏళ్ళ చరిత్ర ఉంది. 1843లో రాబర్ట్ నోబుల్ బందరులో నెలకొల్పిన పాఠశాలతో అది మొదలు. డెల్టా పల్లెలతోపాటు, 2022లో ఏలూరు జిల్లాలో చేరిన నూజివీడు మెట్టసీమ కూడా నాటి కృష్ణా మండలంలోనిదే. మేకా అప్పారావు వంశీయుల జమీందారీగాను, చిన్నరసాలకు పుట్టినిల్లుగాను అది ప్రసిద్ధం. కొత్తగా చేరిన సంఘాలకు బడులు, భవనాలు, విదేశీ నిధుల అలవాటు ఉన్నాయి. డోర్నకల్‌కు అవి లేవు. లేనివాని పద్ధతిని ఉన్నవారికి అలవరచడం అజరయ్యకు ఎదురైన క్లిష్టకార్యం.

ఆయన దైవశాస్త్ర విద్యావిధానం ఇక్కడ ప్రత్యేకంగా పరిశీలింపదగినది. డోర్నకల్‌లోని గురువిద్యాలయంలో బోధన తెలుగులో సాగింది. కళాశాల నుండి నేరుగా వచ్చిన యువకులకంటె, పల్లెబడిలో కొన్నేళ్ళు ఉపాధ్యాయులుగా, ఉపదేశకులుగా పనిచేసి నిగ్గుతేలినవారికే గురుత్వశిక్షణలో ప్రాధాన్యం. అంటే క్షేత్రాభ్యాసం చదువు చివర తగిలించిన అనుబంధం కాదు. చదువుకు ప్రవేశార్హతయే అది. విద్యార్థులు వివాహితులు కావడంవల్ల భార్యాపిల్లలతో వచ్చేవారు. భర్తకు వేదగ్రంథం, సంఘచరిత్ర బోధిస్తే భార్యకు చదువు, శిశుపోషణ, స్త్రీలకు ఉపదేశించే తీరు నేర్పేవారు. స్త్రీల శిక్షణలో అంబు మరియమ్మాళ్ పాత్ర ప్రశంసనీయం. పాఠాల నడుమ పల్లెలకు వెళ్ళడం, భజనకీర్తనలతో కథ చెప్పడం, ఏటా జరిగే సాక్ష్యవారంలో పాల్గొనడం సాగేవి. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు శత్రువులతో పోరాడడం బోధకుని ధర్మాల్లో చేరింది. బాప్తిస్మం పొందిన సామాన్యుడే తన తలపై చేయి ఉంచుకొని సువార్త చెప్పకుంటే తనకు అనర్థమని ఒప్పుకోవాలన్నది ఆయన అమలుపరచిన ఆచారం. అట్టి చోట పల్లెకు పోని వేదాంతవిద్యార్థి అనే భావనకే తావులేదు.

ఇట్టి విద్యకు ఖర్చు ఎక్కువ. ఒంటరి విద్యార్థికి భోజనవసతి చాలు. ఇక్కడ ఒక్కొక్కరితో ఒక కుటుంబాన్ని పోషించవలసి ఉంది. పల్లె పర్యటనలకు బండ్లు, గుడారాలు కావాలి. చదువు ముగిశాక గురువు జీతం సంఘమే మోయాలి. సంఘస్థుల్లో అధికులు దళితులు, వ్యవసాయ కూలీలు. వారి కూలి సైతం చాలావరకు గింజల రూపంలో వచ్చేది. నాణెం కనబడని ఇంటినుండి చందా ఎట్లా రావాలి? వంటకు బియ్యమో జొన్నలో కొలిచేటప్పుడు ఒక పిడికెడు వేరే కుండలో వేసే పద్ధతి ఇందుకు మార్గమైంది. కోతపండుగ నాడు తొలిపంట, కోళ్ళు, గుడ్లు, కూరగాయలు గుడికి చేరేవి. వాటిని వేలం వేసి సొమ్ము చేసేవారు. పిడికిటి బియ్యం తిరునెల్వేలిలోనూ ఉన్న ఆచారమే గాని, ధర్మచక్రం కింద ముష్టి ఎత్తే మన గ్రామసంప్రదాయానికి అది ఎంత సమీపమో ఇక్కడి విద్వాంసులకు వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే వస్తురూప దానానికి ఋతుబంధం ఉంది. నూజివీడు సీమనే నిదర్శనంగా తీసుకోవచ్చు. పుష్యమాఘాల్లో మామిడి పూస్తుంది, వేసవిలో కాయ దిగుతుంది. పూతమీదనే తోటను గుత్తకిచ్చే అలవాటు ఉన్నచోట రైతు చేతికి సొమ్ము ఒకమారు వస్తుంది. కాపలాకు, కోతకు పోయే కూలికి రెండు మూడు నెలలే చేతినిండా పని. మంచు కమ్మి పూత రాలిన ఏడు ఆ పనీ ఉండదు. డెల్టాలో వరి, తెలంగాణలో జొన్న వేర్వేరు కాలాల్లో చేతికి వస్తాయి. ఇట్లా ఋతువులను బట్టి వచ్చే రాబడితో నెలనెలా ఇవ్వవలసిన భృతిని నడపాలంటే, వేర్వేరు పంటల సీమలను ఒకే నిధికింద కలపక తప్పదు. విశాలమైన అధ్యక్షమండలానికి ఈ ఆర్థికప్రయోజనం కూడా ఉంది. చరిత్రకారులు దీన్ని అంతగా పట్టించుకోలేదు.

నిరుపేదలవద్ద దానం అడగడం న్యాయమా అన్న విమర్శ నాడే వచ్చింది. ఇవ్వడం ధనికుల హక్కుగా మిగిలిపోతే పేదవాడు ఎన్నడూ పుచ్చుకొనేవాడే అవుతాడన్నది అజరయ్య వాదసారం. తరతరాలుగా దొర గుమ్మంలో చేయిచాచిన వానికి, తాను పోషించిన గురువు ఒకడున్నాడన్న భావన ఆత్మగౌరవహేతువు. దానధర్మంపై ఆయన జీవితపు చివరి దశలో రచించిన గ్రంథం ఈ అనుభవాన్నే శాస్త్రీకరించింది. అది అనేక భాషల్లోకి వెళ్ళింది. ఈ వాదంలో బలం ఉంది. కాని పూర్తి స్వయంపోషణ ఆయన జీవితకాలంలో సిద్ధించలేదు. విదేశీ సంఘాల విరాళాలు చివరిదాకా అవసరమయ్యాయి. ఆ సంఘాలు తమ సహాయాన్ని తగ్గించుకొంటున్న కాలంలోనే 1930ల ఆర్థికమాంద్యం ధాన్యం ధరలను కూల్చింది. సంఘస్థుల సంఖ్య రెండు లక్షలు దాటగా, వారికి తగినంతమంది శిక్షితులైన గురువులను సమకూర్చడం కష్టమైంది. తెలుగు మాత్రమే తెలిసిన బోధకుల శాస్త్రజ్ఞానం చాలదన్న ఆక్షేపణను కూడా పూర్తిగా తోసిపుచ్చలేము; నేడు ప్రాచ్యకళాశాలలు సైతం వినే మాట అది.

అజరయ్యకు రాజకీయరంగంలోనూ చిక్కులు తప్పలేదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్న జాతీయవాది ఆయన. అయినా మతాంతరీకరణ విషయంలో 1930లలో గాంధీజీతో భేదించారు. ఆ చర్చ ఈ వ్యాసపరిధికి వెలుపలిది.

1939 జనవరి 6న డోర్నకల్‌లో ప్రతిష్ఠితమైన ఎపిఫనీ కథీడ్రల్ పూర్తికావడానికి ఏళ్ళ తరబడి పట్టింది. గుమ్మటాలు మసీదును, స్తంభాలు దేవాలయమంటపాన్ని స్మరింపజేస్తాయి. సంఘస్థుల చిన్న చిన్న కానుకలు ఆ రాళ్ళలో ఉన్నాయి. ఆ సొమ్మును ముందుగా గురువిద్యాలయానికే వెచ్చించవలసిందన్న అభిప్రాయానికి తావున్నా, తమదంటూ చెప్పుకోదగ్గ గుడి లేని జనానికి ఆ కట్టడం ఏమిటో ఊహించడం కష్టం కాదు.

అంతకు కొద్దిరోజుల ముందు, 1938 డిసెంబరులో, మద్రాసు సమీపాన తాంబరంలో అంతర్జాతీయ మిషనరీ మహాసభ జరిగింది. అందులో అజరయ్య ప్రముఖులు. ఆసియా ఆఫ్రికా సంఘాల్లో గురువిద్య అన్నిటికంటె దుర్బలమైన అంగాల్లో ఒకటని ఆ సభ తేల్చింది. దాని ఫలితంగా సాగిన పరిశీలనల్లో, భారతదేశంలోని బోధకుల గురించి చార్లెస్ రాన్సన్ చేసిన అధ్యయనం ముఖ్యం. 1958లో ఘానా దేశపు ఆక్రాలో ముగిసిన మహాసభ నలబై లక్షల డాలర్లతో దైవశాస్త్ర విద్యానిధిని నెలకొల్పింది. అందులో సగం రాక్‌ఫెల్లర్ కుటుంబదానం. నిర్వహణ బాధ్యత రాన్సన్‌కే దక్కింది. పిడికిటి బియ్యం నుండి ఈ నిధిదాకా ఇరవైయేళ్ళ దూరమే. కాని దాత, గ్రహీత ఒకరినొకరు ఎరుగని పాతస్థితి మళ్ళీ వచ్చిందా అన్న ప్రశ్న పరిశోధకులు తేల్చవలసినది.

ఆ పరిణామాలను చూడడానికి అజరయ్య లేరు. 1945 జనవరి 1న డోర్నకల్‌లో ఆయన కన్నుమూశారు. ఆయన కృషిచేసిన సంఘైక్యం 1947లో దక్షిణ ఇండియా సంఘంగా రూపొందింది. డోర్నకల్ గురువిద్య ఇతర సంఘాల విద్యాలయాలతో కలిసి, 1964లో రాజమహేంద్రవరంలోని లూథర్‌గిరిలో ఆరంభమైన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో లీనమైంది. 1970ల తొలినాళ్ళలో ఆ కళాశాల హైదరాబాదుకు తరలింది. డోర్నకల్ పల్లెలు గాని, నూజివీడు తోటలు గాని కనబడని ఆ నగరంలో విద్యార్థులు పల్లెసేవ నేర్వాలంటే రైలో బస్సో ఎక్కి వెళ్ళవలసినదే.