సర్ రొనాల్డ్ రాస్

మన్యపు జ్వరమన్న మాట వినినంతనే మైదానవాసులు కొండలెక్కుటకు జంకిన కాలమొకటుండెను. అరకులోయ మొదలుకొని తూర్పు కనుమల గిరిజన గ్రామములనెన్నిటినో ఆ చలిజ్వరము పీడించెను. అది చెడుగాలివలన కలుగునని లోకము నమ్మియుండెను. ఆ భ్రమను తొలగించిన మహనీయుడు రొనాల్డ్ రాస్.

ఆయన 1857 మే 13న అల్మోరాలో జన్మించెను. లండనులో వైద్యవిద్య నభ్యసించి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసున చేరెను. మలేరియా పరాన్నజీవిని రోగుల రక్తమునందు 1880లో లావెరాన్ కనుగొనియుండెను. దోమకు దీనితో సంబంధము కలదని 1894లో మాన్సన్ సూచింపగా, రాస్ ఆ శోధనకు పూనుకొనెను.

సికింద్రాబాదులో, రోగులను కుట్టిన దోమలను ఒక్కొక్కటిగా కోసి, సూక్ష్మదర్శినితో పరీక్షించుచు దినములు గడపెను. దోమలు ఎగిరిపోవునని ఉక్కపోతలోను పంకా వీవనీయలేదు. చెమటకు యంత్రపు మరలు తుప్పుపట్టెను. తుదకు 1897 ఆగస్టు 20న, మచ్చల రెక్కల దోమ కడుపు గోడలో నల్లని రేణువులుగల గుండ్రని కణములు కానవచ్చెను. పరాన్నజీవి స్త్రీకణము ఫలదీకరణము చెందిన పిమ్మట ఏర్పడు తిత్తులే అవి. మరుసటి యేట కలకత్తాలో, పక్షుల మలేరియా దోమకాటువలన వ్యాపించునని నిరూపించెను. 1902లో నోబెల్ బహుమానము ఆయనను వరించెను. 1932 సెప్టెంబరు 16న లండనులో పరమపదించెను.

తరువాతి కాలమున రంజకవిద్య మిక్కిలి పెరిగెను. ఆక్రిడిన్ ఆరెంజ్ అను రంగు నద్ది నీలికాంతిలో చూచినచో, పరాన్నజీవి కేంద్రకము ఆకుపచ్చగా మెరయును. రాస్‌కు అట్టి సాధనములు లేవు. ఓర్పే ఆయన సాధనము.

మన్యమును జ్వరము నేటికిని పూర్తిగా విడువలేదు. కొండవాగుల అంచుల పుట్టు దోమనే శత్రువుగా నెరుగుట ఆయన ప్రసాదించిన జ్ఞానము. దానిని ఇంటింటికి చేర్చుటయే ఆయనకు తగిన నివాళి.