సరళరేఖకు సమీకరణం చెప్పిన డెకార్టు

నల్లమల పాదాన ఉన్న ఆత్మకూరు ప్రాంతపు రైతుకు వాలు సంగతి మరొకరు చెప్పవలసినది కాదు. కురిసిన వాన ఏ గట్టు వెంట జారి ఏ చెరువు చేరునో అతడు నేల చూచి చెప్పగలడు. ఆ వాలును సమీకరణంలో ఇమిడ్చి చూపే మార్గం మాత్రం పదునేడవ శతాబ్దంలో దొరికినది. ఆ మార్గం తీసినవారిలో ప్రముఖుడు రెనే డెకార్టు.

అతడు 1596 మార్చి 31న ఫ్రాన్సులోని లా హే అనే చిన్న ఊరిలో జన్మించినాడు. మరుసటి యేడే తల్లి మరణించినది. దుర్బలదేహుడగుటచే లా ఫ్లెష్ విద్యాలయంలో ఆలస్యంగా నిద్ర లేచుటకు గురువులు అనుమతించినారు. ఆ అలవాటు కడవరకు నిలిచినది. నేర్చిన విద్యలలో గణితమొక్కటే సందేహానికి తావీయనిదని అతనికి తోచినది. 1616లో న్యాయశాస్త్ర పట్టం పొందియు ఆ వృత్తి చేపట్టలేదు. 1618లో హాలెండు వెళ్ళి సైన్యంలో చేరినాడు. అక్కడ బ్రెడా పట్టణంలో ఐజాక్ బీక్‌మన్‌తో కలిగిన స్నేహం అతని బుద్ధిని మరల గణితం వైపు త్రిప్పినది.

తరువాత హాలెండులోనే స్థిరపడి విశ్వనిర్మాణాన్ని గూర్చి ఒక గ్రంథం వ్రాసినాడు. 1633లో గెలీలియోకు శిక్ష పడినదని విని, భయపడి, దానిని దాచివేసినాడు. 1637లో పేరు లేకుండ వెలువరించిన మరొక గ్రంథానికి అనుబంధంగా రేఖాగణితాన్ని చేర్చినాడు. తెలియని రాశులకు ఎక్స్, వై, జడ్ అక్షరాలను వాడుట అందుండియే వ్యాప్తికి వచ్చినది. ఇంటికప్పుపై ఈగను చూచి ఈ ఊహ పొందెనన్న కథకు నమ్మదగిన ఆధారం లేదు.

ఆ ఊహ ఫలితం నేటి తరగతిలో ఇట్లు కనబడును. ఒక చెరువులో నీటి లోతు 12 అడుగులు. నెలకు 2 అడుగుల వంతున తగ్గుచున్నది. గడచిన నెలలు ఎక్స్, లోతు వై అయినచో, 12 నుండి ఎక్స్‌కు రెండింతలు తీసివేయగా వై వచ్చును. దీని రేఖ నిలువు అక్షాన్ని 12 వద్ద ఖండించును. అది మొదటి లోతు. అడ్డు అక్షాన్ని 6 వద్ద ఖండించును. అది చెరువు ఎండు నెల. ఈ రెండే అంతరఖండాలు. నెలనెలా తగ్గుదల రెండు. దానికి ఋణచిహ్నం చేర్చిన అదే వాలు. ఈ అర్థం గ్రహించిన విద్యార్థి సూత్రం మరచినను దానిని తిరిగి కట్టుకొనగలడు.

ఈ కీర్తి అతనొక్కనిదే కాదు. ఫ్రాన్సులోనే పియర్ ఫెర్మా ఆ కాలముననే స్వతంత్రంగా ఇదే మార్గం కనుగొన్నాడు. అతని రచన మరణానంతరం 1679లో అచ్చయినది. డెకార్టు గ్రంథంలో నేటి గళ్ళకాగితపు పద్ధతి పూర్తిగా లేదు. రెండక్షాలు, ఋణరాశులు, వాలు సూత్రం తరువాతివారి చేతిలో ఈ రూపం దాల్చినవి.

1640లో డెకార్టు ఏకైక పుత్రిక అయిదేళ్ళ ప్రాయంలో మరణించినది. 1649లో స్వీడన్ రాణి క్రిస్టీనా ఆహ్వానంపై స్టాక్‌హోం చేరినాడు. ఆలస్యంగా లేచుటకు అలవాటుపడినవాడు గడ్డకట్టే చలిలో తెల్లవారుజామున అయిదింటికే పాఠం చెప్పవలసి వచ్చినది. ఊపిరితిత్తుల జ్వరంతో 1650 ఫిబ్రవరి 11న కన్నుమూసినాడు.

భయపడి దాచిన విశ్వగ్రంథం 1664లో వెలువడినది. నేడు దానిని తెరచువారు పండితులే. అనుబంధంగా చేర్చిన రేఖాగణితపు ఊహ మాత్రం పల్లెటూరి బడి నల్లబల్లపై కూడ నిలిచియున్నది.