వ్యాధి వేళ ఒక అభిప్రాయభేదం – హజ్రత్ అబూ ఉబైదా (రజి)

ఇంట్లో ఒకరు తీవ్రంగా జబ్బుపడితే వైద్యం విషయంలో తలా ఒక మాట అంటారు. పెద్దాసుపత్రికి తీసుకెళ్దామని ఒకరు, అల్లాహ్‌పై భారం వేద్దామని మరొకరు. మాటా మాటా పెరిగి అన్నదమ్ములే విడిపోతారు. ఇలాంటప్పుడు ఎలా మాట్లాడుకోవాలో హజ్రత్ అబూ ఉబైదా బిన్ జర్రాహ్ (రజి) జీవితం మనకు నేర్పుతుంది.

ఆయన అసలు పేరు ఆమిర్. తొలి రోజుల్లోనే ఇస్లాం స్వీకరించారు. స్వర్గ శుభవార్త అందుకున్న పదిమంది సహాబాల్లో ఒకరు. ఉహద్ యుద్ధంలో దైవప్రవక్త (స) చెంపలో దిగబడిన శిరస్త్రాణపు కడియాలను పళ్ళతో లాగి తీస్తూ రెండు ముందు పళ్ళు పోగొట్టుకున్నారు. ఈ ఉమ్మత్ అమీన్, అంటే నమ్మకస్తుడు అన్న బిరుదు ఆయనకు దక్కింది.

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న కాలంలో ఆయన షామ్ సేనాధిపతి. ఖలీఫా షామ్‌కు బయలుదేరి సర్గ్ అనే చోటికి చేరగానే, అక్కడ తాఊన్ (ప్లేగు) వ్యాపించిందని తెలిసింది. ముహాజిర్లను, అన్సార్లను విడివిడిగా పిలిచి సలహా అడిగారు. వారిలో ఏకాభిప్రాయం రాలేదు. ఖురైష్ పెద్దలు మాత్రం వెనుదిరగమని ముక్తకంఠంతో చెప్పారు. ఖలీఫా తిరుగు ప్రయాణం ప్రకటించారు.

అబూ ఉబైదా (రజి)కు అది నచ్చలేదు. చాటున గొణగకుండా, అల్లాహ్ విధివ్రాత నుండి పారిపోతున్నారా అని ఖలీఫానే సూటిగా అడిగారు. ఉమర్ (రజి) ఆయన నోరు మూయించలేదు. ఒక విధి నుండి మరో విధి వైపుకే వెళ్తున్నామన్నారు. లోయలో ఒక వైపు పచ్చిక, మరో వైపు బీడు ఉంటే ఒంటెలను ఎటు మేపినా అది దైవనిర్ణయమే కదా అని ఉపమానంతో వివరించారు. అంతలో అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, తాఊన్ ఉన్న ఊరికి వెళ్ళవద్దని, ఉన్న ఊరి నుండి దానికి భయపడి పారిపోవద్దని దైవప్రవక్త (స) బోధించారని తెలిపారు. వివాదం ముగిసింది.

తర్వాత ఆయన్ని కాపాడుకోవాలన్న ప్రేమతో, ఏదో పని ఉందంటూ ఖలీఫా మదీనాకు పిలిపిస్తూ లేఖ రాశారు. అబూ ఉబైదా (రజి) అంతరార్థం గ్రహించి, సైనికులను వదిలి రాలేనని, తనను మన్నించమని వినయంగా జవాబిచ్చారు. అది చదివి ఉమర్ (రజి) కన్నీరు పెట్టుకున్నారు. అయినా బలవంతం చేయలేదు. పల్లపు నేల నుండి సైన్యాన్ని ఆరోగ్యకరమైన మెట్ట ప్రాంతానికి తరలించమని రాశారు. ఆ సలహాను ఆయన శిరసావహించారు. హిజ్రీ 18 (క్రీ.శ. 639)లో అదే వ్యాధితో కన్నుమూశారు.

సోదరులారా! ఏ హదీసు ఖలీఫాను వెనక్కి మళ్ళించిందో, అదే హదీసు ప్రకారం సేనాధిపతి ఉన్నచోటే ఉండిపోయారు. అభ్యంతరాన్ని ముఖాముఖిగా చెప్పడం, ఓపికగా వినడం, తెలిసినవారి మాటకు తలవంచడం – ఈ మూడూ వారి స్నేహాన్ని చివరిదాకా నిలిపాయి. రోగి మంచం పక్కన మనకు కావలసిందీ ఇదే. అల్లాహ్ మనందరికీ ఈ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.