భూగర్భ శోధకుడు విలియం కింగ్

ఏలూరుకు దక్షిణాన కొల్లేరు, దాని చుట్టూ నల్లని ఒండ్రు నేల. ఉత్తరంగా సాగితే ఎర్రమట్టి మెరకలు, ఇసుకరాతి గుట్టలు, ఆపైన దట్టమైన అడవి. తాడేపల్లిగూడెం ఈ పల్లానికీ మెరకకూ సరిహద్దున ఉన్నది. నిత్యమూ ఈ నేలపై నడిచే మనం దాని అడుగున ఏమున్నదో ఆలోచించము. సుమారు నూట యాభై ఏండ్ల క్రితం ఆ ప్రశ్న వేసుకొని ఈ ప్రాంతమంతా తిరిగినవాడు డాక్టర్ విలియం కింగ్.

ఆయన తండ్రి పేరు కూడా విలియం కింగే. ఐర్లండులోని గాల్వే నగరంలో భూగర్భ శాస్త్ర ఆచార్యుడాయన. జర్మనీలో దొరికిన ప్రాచీన కపాలాన్ని ప్రత్యేక మానవజాతిగా గుర్తించి, 1864లో నియాండర్తల్ మానవుడన్న శాస్త్రీయ నామాన్ని ఇచ్చినవాడు ఆ తండ్రే. అంతకు ఒక యేడు ముందే, 1863లో, కుమారుడు తన సహోద్యోగి రాబర్ట్ బ్రూస్ ఫుట్‌తో కలిసి మద్రాసు సమీపాన అత్తిరంపాక్కంలో ఆదిమానవుల రాతి పనిముట్లను సేకరించాడు. మానవుని ప్రాచీనతను గూర్చిన అన్వేషణలో తండ్రీకుమారులు చెరొక ఖండంలో ఏకకాలాన పాలుపంచుకొనడం విశేషం.

కుమారుడు 1857లో భారత భూగర్భ సర్వే శాఖలో చేరాడు. కడప, కర్నూలు ప్రాంతాల శిలలను పరిశీలించి 1872లో ఒక బృహద్గ్రంథం వెలువరించాడు. ఆనాటి శోధకునికి చేతిలో సుత్తి, దిక్సూచి, కాగితంపై పటము, వీటికి తోడు కాలినడకయే సాధనాలు. భద్రాచల యాత్రికులు పొయ్యికి పెట్టిన నల్లరాళ్లు మండుట చూచి ఆశ్చర్యపడ్డారని ఇల్లందు ప్రాంతంలో కథ చెప్పుకొంటారు. కథ ఎట్లున్నా, 1871లో అక్కడి బొగ్గును శాస్త్రీయంగా గుర్తించినవాడు కింగ్. సింగరేణి గనుల చరిత్ర అక్కడ మొదలయింది.

ఆయన శక్తిసామర్థ్యాలకు కఠిన పరీక్ష వయనాడు బంగారం. దేవాల, పందలూరు చుట్టుపట్ల నిటారు కొండలు, చలిజ్వరాలకు ఆలవాలమైన అడవులు. ఆ వాగుల ఇసుకను స్థానికులు చెక్క మరిగెలతో కడిగి బంగారు రవ్వలు తీసేవారు. ఆ రవ్వలు కొండలలోని పలుగురాతి పొరల నుండి కొట్టుకొని వచ్చినవే. నేడు మెటల్ డిటెక్టరు చేతబట్టి బంగారం వెదకేవారున్నారు. కాని ఆ యంత్రం పట్టగలది తగినంత పరిమాణం గల ముద్దను మాత్రమే. పలుగురాతిలో కంటికి కానరాని రేణువులను పసిగట్టలేదు. రాతిని పొడిచేసి, కడిగి, తూచి చూడవలసినదే. కింగ్ చేసిన పని అదే. 1875లో ఆయన ప్రకటించిన నివేదికకు ప్రాథమిక వివరణ అనే పేరు పెట్టాడు. అందులో ఆశ ఉన్నది, కాని కొలతకు లోబడిన ఆశ.

కొలతకు లోబడనివారు తరువాత వచ్చారు. 1879లో ఆస్ట్రేలియా గనుల అనుభవం గల బ్రౌ స్మిత్‌ను ప్రభుత్వం రప్పించింది. ఆయన మాటలు మిక్కిలి ఉత్సాహం కలిగించాయి. లండనులో కంపెనీలు వెలిశాయి. లక్షల పౌండ్ల వాటాలు అమ్ముడుపోయాయి. కాఫీ తోటలను బంగారు భూములని చెప్పి పెద్ద ధరలకు అంటగట్టారు. రాతిని దంచే యంత్రాలు కొండలెక్కాయి. తీరా దంచిచూస్తే టన్ను రాతికి దక్కిన బంగారం ఖర్చుకైనా చాలలేదు. రెండు మూడేండ్లలో కంపెనీలు కూలాయి. యంత్రాలు అడవిలో తుప్పుపట్టాయి. నమ్మి సొమ్ము పెట్టినవారు నష్టపోయారు. నివేదికలోని ప్రాథమిక అనే ఒక్క మాటను శ్రద్ధగా చదివినవారెందరో! అయితే అదే కాలంలో కోలారులో తొలి నష్టాలను ఓర్చుకొని లోతుగా తవ్వినవారికి గొప్ప బంగారు పొర దొరికింది. ఆ గనులు 2001 వరకు నడిచాయి. ఎందరో తెలుగువారికి జీవనాధారమయ్యాయి. కనుక వెనుకంజ వేయడమే వివేకమని చెప్పడానికీ వీలులేదు.

వయనాడు కోలాహలం సాగుతున్న 1880లోనే కింగ్ గోదావరి జిల్లా తీరప్రాంతంపై గ్రంథం ప్రచురించాడు. ఇందులో బంగారం లేదు. అయినను నా దృష్టిలో మన ప్రాంతానికి ఆయన చేసిన మహోపకారమిదే. నూజివీడు సమీపంలోని గొల్లపల్లి పేరిట ఒక ఇసుకరాతి శ్రేణికి, చింతలపూడి ప్రాంతపు రాఘవాపురం పేరిట ఒక పలకమట్టిరాతి శ్రేణికి ఆయన నామకరణం చేశాడు. రాఘవాపురం రాళ్లలో ఆకుల ముద్రలతో పాటు సముద్రజీవుల గుల్లలు కూడా ఉన్నాయి. అంటే పది కోట్ల ఏండ్లకు పూర్వమే సముద్రం అంతవరకు వచ్చిందన్నమాట! కొల్లేటి గట్టున నిలిచి, సముద్రం ఎంత దూరమో అనుకొనేవారికి ఇది వింతగా తోచవచ్చు. రెండు నదుల డెల్టాలు ఇరువైపులా పెరిగి నడుమ మిగిల్చిన పల్లమే కొల్లేరు. ఆ డెల్టాలతో పోలిస్తే రాఘవాపురం సముద్రం ఊహకందనంత ప్రాచీనం.

బుట్టాయగూడెం వైపు అడవులలోనూ బొగ్గు జాడలు కనిపించాయి గాని, అది నాసిరకం. చింతలపూడి పరిసరాలలో చాలా లోతున విస్తారమైన బొగ్గు పొరలున్నట్లు ఎంతో కాలం తరువాత యంత్రాలతో తొలిచి తెలుసుకొన్నారు. సుత్తితో పైరాతిని కొట్టి చూచినవానికి అది అందే లోతు కాదు.

కింగ్ 1887లో భూగర్భ సర్వే శాఖకు అధిపతి అయి, 1894 వరకు ఆ పదవిలో ఉన్నాడు. ఇల్లందు గనుల్లోని ఒక బొగ్గు పొరకు ఆయన పేరిట కింగ్ సీమ్ అని పేరు పెట్టారు. దానికి తోడుగా మరొక పొర క్వీన్ సీమ్ అయింది.