ముగ్గురన్నదమ్ముల జబ్బు గుట్టు విప్పిన డాక్టరు

డెంగీ జ్వరాల పుణ్యమా అని ప్లేట్‌లెట్ల మాట తెలియని ఇల్లు లేదిప్పుడు. లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాల్సినవి తగ్గాయంటే గాభరా, పెరిగాయంటే హమ్మయ్య అనుకోవడం. కానీ కొందరు పసివాళ్లకి ఏ జ్వరమూ లేకుండా, పుట్టుకతోనే ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటాయి. అలాంటి పిల్లల జబ్బుల్లో ఒకదాన్ని మొట్టమొదట వేరుచేసి చూపించిన పిల్లల డాక్టరు ఆల్‌ఫ్రెడ్ విస్కాట్.

విస్కాట్ 1898లో జర్మనీలోని ఎస్సెన్‌లో పుట్టారు. మ్యూనిక్‌లో పేరున్న హౌనర్ పిల్లల ఆసుపత్రిలో ప్రొఫెసర్ ఫౌండ్లర్ దగ్గర పనిచేశారు. పెనిసిలిన్ ఇంకా వాడుకలోకి రాని కాలం. న్యుమోనియా వస్తే పసిపిల్లలు దక్కడమే గగనం. 1932లో ఆయన ఆ జబ్బు మీదే పెద్ద పుస్తకం రాశారు.

1937లో ఆయన ముగ్గురు అన్నదమ్ముల సంగతి ప్రచురించారు. ముగ్గురికీ ప్లేట్‌లెట్లు తక్కువే. రక్త విరేచనాలు, తగ్గని ఎగ్జిమా, మాటిమాటికీ చెవిలో చీము. ముగ్గురూ పసితనంలోనే పోయారు. వాళ్ల అక్కచెల్లెళ్లకి మాత్రం ఏమీ కాలేదు.

అప్పట్లో ప్లేట్‌లెట్లు తగ్గి ఒంటిమీద ఎర్రచుక్కలు వస్తే వెర్లాఫ్ జబ్బనేవారు. విస్కాట్ కూడా తన వ్యాసానికి ఆ పేరే పెట్టారు గానీ, చివర ఓ ప్రశ్నార్థకం చేర్చారు. ఆయన గొప్పతనమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. వెర్లాఫ్ జబ్బయితే పుట్టుకతో ఎందుకొచ్చింది? ఒకే ఇంట్లో ముగ్గురికి, అదీ మగపిల్లలకే ఎందుకొచ్చింది? ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూసి ఊరుకోకుండా చర్మాన్నీ, చెవినీ, తోబుట్టువులనీ కలిపి చూశారాయన.

జవాబు దొరకడానికి చాలా ఏళ్లు పట్టింది. 1954లో అమెరికాలో ఆల్‌డ్రిచ్ అనే డాక్టరు డచ్ సంతతికి చెందిన ఓ కుటుంబపు వంశవృక్షం గీసి చూస్తే ఇది తల్లి ద్వారా కొడుకులకి వచ్చే జబ్బని తేలింది. అందుకే దీన్ని విస్కాట్-ఆల్‌డ్రిచ్ జబ్బంటారు. ఆడవాళ్లకి ఎక్స్ క్రోమోజోములు రెండు. ఒకదాంట్లో లోపమున్నా రెండోది కాపాడుతుంది. మగపిల్లాడికి ఉన్నది ఒక్కటే! లోపమున్న ఆ జన్యువేదో 1994లో దొరికింది.

విస్కాట్ 1939 నుంచి 1967 దాకా హౌనర్ ఆసుపత్రికి పెద్దగా ఉన్నారు. కెల్లర్‌తో కలిసి పిల్లల వైద్యంపై పాఠ్యగ్రంథం తెచ్చారు. 1978లో కన్నుమూశారు. 2006లో మ్యూనిక్ డాక్టర్లే ఆ అన్నదమ్ముల బంధువర్గాన్ని వెతికి పట్టుకుని, ఆ ఇంటి జన్యువులో రెండంటే రెండు అక్షరాలు లోపించాయని కనుక్కున్నారు. ముగ్గురు బిడ్డల్ని పొట్టనబెట్టుకున్నది అంత చిన్న పొరపాటు!

ఇవాళ ఈ జబ్బుకి ఎముక మజ్జ మార్పిడి ఉంది. 1968లోనే మొదలుపెట్టారు. కానీ ముందు జబ్బు తెలియాలిగా? మామూలుగా వచ్చి పోయే ప్లేట్‌లెట్ల తగ్గుదలే అనుకుంటే అక్కర్లేని మందులు వాడటంలోనే పుణ్యకాలం గడిచిపోతుంది. ఈ జబ్బులో ప్లేట్‌లెట్లు తగ్గడమే కాదు, సైజులోనూ బాగా చిన్నవి. పుట్టుకతో వచ్చే మరికొన్ని జబ్బుల్లో బాగా పెద్దవి. అందుకే సైజు కూడా చూడమని డాక్టరుని అడగొచ్చు. పాత రిపోర్టులు పారేయకూడదు. పిల్లాడి మేనమామలు ఎవరైనా పసితనంలో పోయారేమో పుట్టింటివాళ్లని అడిగి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి.

మగపిల్లలు దక్కని తల్లిని నష్టజాతకురాలనే నోళ్లు మన దగ్గరా ఉన్నాయి. జన్యువుని ఎవరూ కోరి తెచ్చుకోరు. ఒక్కోసారి వంశంలో ఎవరికీ లేకుండా కొత్తగానూ వస్తుంది. ఆ తల్లికి కావలసింది నింద కాదు, సకాలంలో సరైన పరీక్ష.