నగరం వీడిన వైద్యుడు, నదీతీరం చేరిన ఆచార్యుడు: పండిత తారానాథ్ జీవితరేఖలు

కృష్ణా తుంగభద్రా నదుల నడుమ ఒదిగి ఉన్న రాయచూరు సీమకు దీర్ఘమైన చరిత్ర ఉన్నది. కాకతీయుల కాలంలో గోరె గన్నయరెడ్డి కట్టించిన కోటగోడలో, సుమారు నలభై ఒక్క అడుగుల పొడవు గల ఏకశిలపై చెక్కించిన 1294 నాటి శాసనం ఇప్పటికీ చూపరులను ఆశ్చర్యపరుస్తుంది. 1520లో శ్రీకృష్ణదేవరాయలు ఈ కోట కోసమే ఘోరయుద్ధం చేసి విజయం పొందాడు. కాని ఒక ఊరి కీర్తి కోటలతోనూ యుద్ధాలతోనూ ముగిసిపోదు. ఆ ఊరి పిల్లలకు అక్షరభిక్ష పెట్టినవారు, రోగులకు ప్రాణభిక్ష పెట్టినవారు ఆ చరిత్రకు నిజమైన స్తంభాలు. అట్టివారిలో అగ్రగణ్యులు పండిత తారానాథ్.

ఆయన ఈ ప్రాంతంలో పుట్టినవారు కారు. 1891లో పశ్చిమ సముద్రతీరాన మంగళూరులో జన్మించారు. ఇంటిభాష కొంకణి. చుట్టుప్రక్కల భాషలు కన్నడ, తుళు. వర్షాలతో నిత్యం పచ్చగా ఉండే ఆ తీరం నుండి ఎండలు మండే ఈ నల్లరేగడి నేలకు ఆయనను తీసుకువచ్చినది విధి అనడం కంటె, ఆయన తన ఇష్టంతో చేసుకున్న నిర్ణయం అనడమే న్యాయం. ఆ నిర్ణయానికి మధ్యలో మజిలీ హైదరాబాదు నగరం.

ఆ కాలంలో దక్కనులో హైదరాబాదును మించిన నగరం లేదు. నిజాం ప్రభువుల రాజధాని అది. ఉర్దూ రాజభాష. 1846లో ఆరంభమైన వైద్య పాఠశాల అక్కడ ఉండేది. 1918లో ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడ ఏర్పడింది. చదువుకొన్న యువకునికి సర్కారు కొలువు, బండి, బంగళా దుర్లభమైనవి కావు. తారానాథ్ అక్కడ వైద్యవిద్యను అభ్యసించారు. పాశ్చాత్య వైద్యంతో పాటు ఆయుర్వేదాన్ని ఎరిగినవారు. సంస్కృతం తెలిసినవారు. హిందూస్థానీలో అనర్గళంగా మాట్లాడగలవారు. సంగీతంలోనూ ప్రవేశం కలవారు. ఇన్ని విద్యలు ఒకచోట కూడిన మనిషికి రాజధానిలో కీర్తికి గాని, ధనానికి గాని కొరత ఉండదు. తల్లిదండ్రులు కలలుగనే భవిష్యత్తు అదే. ఆ నాడే కాదు, ఈ నాడు కూడ అదే.

ఆ భవిష్యత్తును ఆయన ప్రక్కకు నెట్టి రాయచూరు చేరుకొన్నారు. అప్పటి రాయచూరు ఒక చిన్న పట్టణం. 1871లో బొంబాయి నుండి వచ్చే రైలుమార్గమూ, మద్రాసు నుండి వచ్చే రైలుమార్గమూ ఇక్కడే కలిసినందువల్ల ప్రయాణికులకు ఈ స్టేషను పేరు తెలుసు. కాని రైలు దిగి ఇక్కడ నిలిచిపోదలచినవారు అరుదు. వర్తకులు ధాన్యం కోసం, ప్రత్తి కోసం, వేరుసెనగ కోసం వచ్చేవారు. ఉద్యోగులు బదిలీపై వచ్చి మరల బదిలీ కోసం ఎదురుచూచేవారు. కరువులు తరచుగా పలుకరించే నేల ఇది. చదువుకొన్న యువకుడొకడు నగరం నుండి ఈ పట్టణానికి తనంతట తాను వచ్చి, తిరిగిపోవాలన్న ఆలోచన లేకుండా నిలబడటం అప్పటివారికి వింతగా తోచి ఉండాలి.

ఆ రోజులు సామాన్యమైనవి కావు. 1918 నాటి విషజ్వరం దేశమంతటా కోటికి పైగా ప్రాణాలను బలిగొన్నది. 1920లో గాంధీజీ సహాయనిరాకరణకు పిలుపునిచ్చారు. న్యాయవాదులు కోర్టులు వీడారు; విద్యార్థులు సర్కారు బడులు వీడారు. ఆ పిలుపుకు ముందే తెలుగునాట కోపల్లె హనుమంతరావు న్యాయవాద వృత్తిని త్యజించి మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాలకు తన జీవితాన్ని ధారపోశారు. ఉద్యోగం వీడటం సులభం. వీడిన తరువాత ఏమి కట్టాలో తెలియడం కష్టం. తారానాథ్‌కు అది తెలుసు. 1920లో ఆయన రాయచూరులో హమ్‌దర్ద్ పాఠశాలను స్థాపించారు.

ఆ పేరులోనే ఆయన హృదయం ఉన్నది. హమ్‌దర్ద్ అనగా ఇతరుల బాధను తన బాధగా అనుభవించేవాడు. హిందువు స్థాపించిన పాఠశాలకు ఉర్దూ పేరు. రాయచూరు వీధులలో కన్నడం, తెలుగు, ఉర్దూ, మరాఠీ ఒకే రోజున వినిపిస్తాయి. అట్టి ఊరిలో ఒక మతానికో ఒక కులానికో చెందిన బడి కంటె, అందరి కష్టసుఖాలను పంచుకొనే బడి కావాలని ఆయన భావించారు. కులభేదాలను ఆయన అంగీకరించలేదు. హిందూ ముస్లిం ఐక్యత ఆయనకు సభలలో పలికే మాట మాత్రమే కాదు; పిల్లల పలకపై వ్రాయించదలచిన మొదటి పాఠం. పరీక్షలు గట్టెక్కించి గుమాస్తాలను తయారుచేసే విద్యపై ఆయనకు మక్కువ లేదు. ఆరోగ్యవంతమైన శరీరం, నిర్భయమైన మనస్సు, సాటి మనిషిపై దయ కలిగిన యువకులను తయారుచేయాలన్నది ఆయన ఆశయం.

ప్రశాంతత కోరి చిన్న ఊరు చేరినవారికి ప్రశాంతత దొరుకుతుందన్న నమ్మకం లేదు. తారానాథ్ జీవితం దానికి నిదర్శనం. సంస్థానంలో ప్రభుత్వానికి చెందని పాఠశాలలపై నానాటికీ ఆంక్షలు పెరిగిన కాలమది. అనుమతి లేనిదే బడి నడపరాదు, సభ జరుపరాదు. యువకులు ఒకచోట చేరితే పోలీసులకు సందేహం. బడి పెట్టి, పిల్లలకు నిర్భయత్వం బోధించి, జాతీయభావాలు ప్రకటించే మనిషిని ప్రభుత్వం రాజద్రోహిగా అనుమానించింది. నగరాన్ని వదులుకోవడం ఆయన తొలి త్యాగం. రాయచూరును, తాను నాటిన పాఠశాలను వదులుకోవడం రెండవది. మొదటిది తన ఇష్టంతో చేసినది. రెండవది మనస్సును కోసినది. ఒక ఉపాధ్యాయునికి తన బడిని వీడటం కంటె పెద్ద శిక్ష వేరొకటి ఉండదు.

ఐనా ఆయన తిరిగి పెద్ద నగరం దారి పట్టలేదు. రాయచూరు నుండి గుంతకల్లు వైపు పోయే రైలు తుంగభద్రా నది వంతెనను దాటగానే అవతలి గట్టున తుంగభద్ర అనే గ్రామం వస్తుంది. నది ఇవతల నిజాం రాజ్యం. అవతల మద్రాసు రాజధానిలోని బళ్ళారి జిల్లా, ఆదవాని తాలూకా. నిజాం పోలీసుల అధికారం నీటి అంచున ఆగిపోయేది. 1920వ దశకంలో ఆ గ్రామంలో, ఆ గట్టున, ఆయన ప్రేమాయతనం అనే ఆశ్రమాన్ని నెలకొల్పారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదవాని తాలూకా ఆంధ్రలో చేరి కర్నూలు జిల్లాలో భాగమైనది. ఆ విధంగా కన్నడసీమలో బడి కట్టిన తారానాథ్ ఆశ్రమం నేడు తెలుగునేలపై ఉన్నది. ఇప్పుడు మంత్రాలయం రోడ్డు అని పిలిచే రైల్వే స్టేషను ఆ గ్రామంలోనిదే. రాఘవేంద్రస్వామి దర్శనానికి వేలమంది యాత్రికులు అక్కడ దిగుతారు. దగ్గరలోనే ఒకప్పుడు రోగులకూ కళాకారులకూ దేశభక్తులకూ ఆశ్రయమిచ్చిన చోటు ఉన్నదని వారిలో ఎరిగినవారు కొద్దిమందే.

ప్రేమాయతనం ఆశ్రమమే కాని, లోకం నుండి పారిపోయినవారి గుహ కాదు. అది వైద్యశాల, గురుకులం, కళాక్షేత్రం. మూలికలతో ఔషధాలు, నియమిత ఆహారం, నదీస్నానం, స్వచ్ఛమైన గాలి, వీటన్నిటిని మించి వైద్యుని మంచిమాట అక్కడి చికిత్స. ఆ కాలంలో క్షయ మొదలైన దీర్ఘరోగాలకు తిరుగులేని మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నది 1943లో. గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, ఇవే పెద్ద వైద్యులకు సైతం ఆధారం. 1915లో మదనపల్లె వద్ద ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం వెలసినది కూడ ఆ కారణంగానే. రోగిని మంచంపై పడి ఉన్న దేహంగా కాక, భయపడుతున్న మనిషిగా చూడటం తారానాథ్ వైద్యంలోని విశిష్టత. పట్టణాల వైద్యులవద్ద ఆశ వదులుకొన్నవారు కూడ ఆ చిన్న స్టేషనులో రైలు దిగి ఆయనను వెదుక్కుంటూ వచ్చేవారు. నగరాన్ని ఆయన విడిచారు. నగరమే ఆయన కోసం పల్లెకు వచ్చింది.

ఆయన సహధర్మచారిణి సుమతీబాయి విద్యావతి, సంస్కారవతి. ప్రాంతం వేరు, భాష వేరు అయిన వారి దాంపత్యం ఆనాటి సంఘపు కట్టుబాట్లకు లొంగనిది. తాను బోధించిన సమత్వాన్ని తన ఇంటి గడప వద్దనే ఆచరించి చూపారు తారానాథ్. కన్నడంలో ‘ప్రేమ’ అనే పత్రికను నడిపారు. మతమంటే ఆచారాల మూట కాదని, మానవధర్మమని తన రచనలలో వివరించారు.

తెలుగువారికి ఆయనతో గల అనుబంధం నాటకరంగం ద్వారా మరింత దృఢమైనది. తాడిపత్రిలో 1880లో జన్మించి, బళ్ళారిలో న్యాయవాదిగా పేరు పొంది, నటనలో అఖండకీర్తి నార్జించిన బళ్ళారి రాఘవ, తారానాథ్‌ను గురుతుల్యునిగా భావించారు. తారానాథ్ హిందూస్థానీలో రచించిన ‘దీనబంధు కబీర్’ నాటకంలో రాఘవ కబీరు పాత్ర ధరించారు. గాంధీమహాత్ముడు సైతం ఆ నాటకాన్ని చూచి ఆనందించారు. మగ్గంపై బట్ట నేస్తూ రాముడూ రహీమూ ఒక్కడేనని చాటిన కబీరు కథను తారానాథ్ ఎన్నుకోవడం యాదృచ్ఛికం కాదు. పాఠశాలకు హమ్‌దర్ద్ అని పేరు పెట్టిన చేయి, నాటకానికి కబీరును నాయకునిగా ఎంచుకొన్నది. నిజాం సంస్థానంలో చెప్పనివ్వని మాటను ఆయన రంగస్థలంపై చెప్పించారు. ఆ వేదికపై నుండి మాటలాడినవాడు తెలుగునటుడు. ఈ మాట ఎరిగిన తెలుగువారెవరికైనా గర్వం కలుగక మానదు.

1932లో తారానాథ్ దంపతులకు రాజీవ్ జన్మించారు. తండ్రియే ఆ బాలునకు తొలి సంగీతగురువు. పదేండ్లైనా నిండకముందే ఆ బాలుడు సభలో పాడినాడు. ఆ కుమారుడు ఆంగ్లసాహిత్యంలో ఆచార్యులై, ఆ వృత్తిని విడిచి, ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ శిష్యరికంలో సరోద్ సాధనకు కలకత్తా వెళ్ళారు. తండ్రి నగరం వీడి పల్లె చేరితే, కుమారుడు విద్య కోసం మహానగరం చేరారు. ఇద్దరూ వీడినది ఒకటే: నెలజీతం ఇచ్చే భద్రత. ఇద్దరూ వెదకినది ఒకటే: తమ అంతరాత్మ మెచ్చే పని. పద్మశ్రీ పురస్కారం పొందిన పండిట్ రాజీవ్ తారానాథ్ 2024లో మైసూరులో పరమపదించారు.

పండిత తారానాథ్ 1942లో కన్నుమూశారు. వయస్సు ఏబది యొక్క సంవత్సరాలు మాత్రమే. స్వరాజ్యాన్ని చూడలేదు. 1948లో నిజాం పాలన అంతం కావడాన్ని చూడలేదు. 1956 నవంబరు 1న రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలో చేరడాన్నీ చూడలేదు. తాను వీడవలసివచ్చిన ఊరికి స్వేచ్ఛ వచ్చిన దినాన ఆయన లేరు. ఇది ఆయన జీవితంలోని విషాదం. కాని ఆయన నాటిన విత్తనం ఎండిపోలేదు. హమ్‌దర్ద్ ఉన్నత పాఠశాల నిలిచినది. ఆయన పేరు ధరించిన తారానాథ్ శిక్షణ సంస్థ రాయచూరులో పాఠశాలలూ కళాశాలలూ నడుపుతూ, ఈ జిల్లాలో తరతరాల యువతీయువకులకు ఉన్నతవిద్యను అందించినది. స్థాపించినవాడు దగ్గర లేకపోయినా సంస్థ బ్రతికింది. మంచి పాఠశాలకు అంతకు మించిన పరీక్ష లేదు.

ఈ జీవితాన్ని చదివే తల్లిదండ్రులకు ఒక ప్రశ్న ఎదురుకాక తప్పదు. బిడ్డ బాగా చదివితే ఊరు విడిచి వెళ్ళిపోతాడన్నది నేటి అనుభవం. బెంగుళూరు, హైదరాబాదు, ఆపై విదేశాలు. వెళ్ళడంలో దోషం లేదు. తారానాథ్ సైతం హైదరాబాదు వెళ్ళకపోతే వైద్యం నేర్చేవారు కారు, ఉర్దూ నేర్చేవారు కారు, ఆయన పాఠశాలకు ఆ పేరే ఉండేది కాదు. నగరం ఆయనకు విద్య ఇచ్చింది. ఆ విద్యను ఎక్కడ ఖర్చుచేయాలన్నది ఆయన స్వయంగా నిర్ణయించుకొన్నారు. చాలినంతమంది వైద్యులున్న చోట మరొక వైద్యునిగా ఉండటమా, ఒక్కడూ లేనిచోట తొలివాడుగా నిలవడమా అన్నది ఆ నిర్ణయం.

చిన్న ఊరి జీవితం సుఖమైనదని ఆయన కథ చెప్పదు. అక్కడ అనుమానాలు ఉన్నాయి, ఆటంకాలు ఉన్నాయి, కట్టినదానిని వదలిపెట్టి పోవలసిన దినమూ ఉన్నది. అయినా తుంగభద్రా ప్రవాహం వేసవిలో పాయలుగా చీలి, వానకాలంలో మరల నిండినట్లు, ఒక మంచి పని ఒకచోట ఆగితే మరొకచోట పుడుతుందని ఆయన కథ చెబుతుంది. రాయచూరులో ఉదయం బడిగంట మ్రోగినప్పుడు, పుస్తకాల సంచితో పరుగెత్తే పిల్లవాడు తారానాథ్ పేరు వినకపోవచ్చు. నూరేండ్ల క్రిందట ఒక యువకుడు నగరపు దారి విడిచి ఈ ఊరిలో రైలు దిగినందువల్లనే ఈ సీమలో చదువుకు ఒక బలమైన పునాది పడినదని పెద్దలు ఆ బిడ్డకు చెప్పడం వారి విధి. ఆ మాట చెప్పిననాడు పండిత తారానాథ్ ఋణం కొంతైనా తీరుతుంది.