గడియ విలువ ఎరిగిన కేరీ

చెప్పులు కుట్టే పనివాడొకడు సముద్రాలు దాటి వచ్చి మన తెలుగు భాషకు వ్యాకరణం రాశాడంటే ఆశ్చర్యం కలుగుతుంది. ఆయన ధనవంతుడు కాడు. కళాశాలలో చదివినవాడూ కాడు. కాలం దేవుడు తనకు అప్పగించిన సొమ్మని, దానికి లెక్క చెప్పవలసి ఉంటుందని నమ్మి, ఆ నమ్మకం ప్రకారం జీవించాడు. ఆయనే విలియం కేరీ.

కేరీ 1761 ఆగస్టు 17న ఇంగ్లండులోని పాలర్స్‌పురీ అనే పల్లెలో జన్మించాడు. తండ్రి మొదట నేతపని చేసి, తరువాత బడిపంతులయ్యాడు. కుటుంబం పేదది కావడంతో కేరీ పద్నాలుగేళ్ల ప్రాయంలో చెప్పులు కుట్టే పని నేర్చుకోవడానికి చేరాడు. తీరిక దొరికినప్పుడల్లా పుస్తకం చేతబట్టేవాడు. అలా లాటిన్, గ్రీకు, హీబ్రూ భాషలు స్వయంకృషితో నేర్చుకున్నాడు. పనిచేసే గదిలో గోడకు ప్రపంచ పటం తగిలించుకుని, దూరదేశాల ప్రజలను గురించి ఆలోచించేవాడు. పెద్దయ్యాక బోధకుడై, క్రీస్తు సువార్తను ఇతర దేశాలకు తీసుకువెళ్లాలని 1792లో ఒక పుస్తకం రాశాడు. మరుసటి ఏడాది కుటుంబంతో బెంగాలుకు చేరాడు.

మొదటి సంవత్సరాలు కష్టాలతో గడిచాయి. పొట్ట గడవడానికి ఆయన మదనబాటిలో నీలిమందు కర్మాగారాన్ని చూసుకున్నాడు. 1794లో కుమారుడు పీటర్ జబ్బుచేసి చనిపోయాడు. భార్య డోరతీ మతిస్థిమితం కోల్పోయి, 1807లో మరణించేవరకు కోలుకోలేదు. ఇంట్లో ఇంత వేదన ఉన్నా కేరీ బెంగాలీ, సంస్కృతం నేర్చుకోవడం మానలేదు. 1800లో డేనిష్ వారి పాలనలో ఉన్న శ్రీరాంపూర్ చేరి మార్ష్‌మన్, వార్డ్ అనే సహచరులతో కలిసి అచ్చుకూటం నడిపాడు. 1801లో బెంగాలీ కొత్త నిబంధన వెలువడింది. ఆ సంవత్సరమే కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో ఉపాధ్యాయుడయ్యాడు. వచ్చిన జీతంలో చాలా భాగం మిషను పనికే ఇచ్చేవాడు.

తరచుగా ఉత్తరాలు రాయలేకపోతున్నందుకు సంజాయిషీగా, 1806లో ఆయన ఇంగ్లండులోని మిత్రుడికి తన ఒక రోజు పనిని వివరించాడు. ఆ రోజు ఉదయం ఆరు కాకముందే లేచి హీబ్రూ బైబిలు చదివాడు. ప్రార్థన ముగించి, తేనీరు వచ్చేలోగా మున్షీతో పారశీకం చదివాడు. ఆ తరువాత పండితునితో కూర్చుని సంస్కృత రామాయణాన్ని అనువదించాడు. పది గంటలకు కళాశాలకు వెళ్లాడు. మధ్యాహ్నం తిరిగివచ్చి ప్రూఫులు దిద్దాడు. భోజనమయ్యాక మత్తయి సువార్తను సంస్కృతంలోకి మార్చాడు. సాయంకాలం ఆరు గంటలకు ఒక తెలుగు పండితుని వద్ద కూర్చుని తెలుగు నేర్చుకున్నాడు. ఏడున్నరకు ప్రసంగం చేశాడు. రాత్రి పదకొండు గంటల వరకు మళ్లీ అనువాదం సాగించాడు. నిద్రపోయే ముందు గ్రీకు నిబంధనలో ఒక అధ్యాయం చదివాడు.

ఇలా కూడబెట్టిన శ్రమకు పెద్ద దెబ్బ తగిలింది. 1812 మార్చి 11 సాయంత్రం శ్రీరాంపూర్ అచ్చుకూటానికి నిప్పంటుకుంది. కాగితాలు, పోతపోసిన అక్షరాలు, ఎన్నో ఏళ్లుగా రాసిన రాతప్రతులు బూడిదయ్యాయి. వాటిలో తెలుగు వ్యాకరణం కూడా ఉంది. అప్పుడు కలకత్తాలో ఉన్న కేరీకి ఈ వార్త మరునాడు తెలిసింది. పోయిన కాలాన్ని తలచుకుని కూర్చుంటే ఉన్న కాలం కూడా పోతుందని ఆయనకు తెలుసు. కరిగిన లోహాన్ని బూడిదలోంచి ఏరి మళ్లీ అక్షరాలు పోత పోయించారు. కేరీ పోయిన రాతపనిని మొదటినుంచి ప్రారంభించాడు. 1814లో తెలుగు వ్యాకరణం అచ్చయింది. 1818లో తెలుగు కొత్త నిబంధన శ్రీరాంపూర్‌లో వెలువడింది.

అయితే వేళ తప్పకుండా పనిచేయడం ఒక్కటే కాలాన్ని ఎరగడం కాదు. ఏ వేళకు ఏ పని ముఖ్యమో తెలియాలి. 1799లో కేరీ ఒక స్త్రీని భర్త చితిపై దహించడం కళ్లారా చూశాడు. ఆపాలని వాదించినా ఎవరూ వినలేదు. నాటినుండి సతీసహగమనాన్ని మాన్పించడానికి పాటుపడ్డాడు. రాజా రామమోహన్ రాయ్ వంటి వారు కూడా దానికి వ్యతిరేకంగా పోరాడారు. చివరకు 1829 డిసెంబరు 4న గవర్నర్ జనరల్ బెంటింక్ ఆ ఆచారాన్ని నిషేధించాడు. ఆ ఉత్తర్వును బెంగాలీలోకి అనువదించే పని కేరీకి వచ్చింది. అది చేతికందినది ఆదివారం ఉదయం. ఆయన ప్రసంగానికి బయలుదేరబోతున్నాడు. ఆదివారం ఆరాధన ఆయనకు ఎంతో పవిత్రమైనది. కాని ఉత్తర్వు ఒక్క రోజు ఆలస్యమైతే ఎందరు స్త్రీలు చితికి బలి అవుతారో! కేరీ ప్రసంగం చేసే పనిని మరొకరికి అప్పగించి, పండితునితో కూర్చుని సాయంకాలానికి అనువాదం పూర్తిచేశాడు. అప్పటికి ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. ఒక ప్రాణాన్ని కాపాడే పనిని దేవుని ఆరాధనగానే ఆయన భావించాడు.

కేరీ భారతదేశానికి వచ్చిన తరువాత ఒక్కసారి కూడా స్వదేశానికి తిరిగి వెళ్లలేదు. 1834 జూన్ 9న శ్రీరాంపూర్‌లోనే కన్నుమూశాడు. సహచరులతో కలిసి 1818లో ఆయన నెలకొల్పిన కళాశాల నేటికీ అక్కడ ఉంది. తనకు గొప్ప ప్రతిభ ఉందని ఆయన ఎన్నడూ చెప్పుకోలేదు. పట్టిన పనిని విడవకుండా సాగించడమే తనకు తెలుసునని వినయంగా అనేవాడు. ప్రతిభ కొందరికే ఉండవచ్చు. గడియలు మాత్రం అందరికీ సమానమే.